ఏ ఇంటి ‘ఛార్జ్’? ఇంగ్లీషు మాటకు సరైన అర్థం పట్టుకోవడం ఎలా

గుంటూరు బ్రాడీపేటలో అడ్రసు అడిగితే ఎవరైనా ముందు ‘ఏ లైను?’ అంటారు. ఇక్కడ లైను అంటే వీధి. అదే లైను కరెంటు ఆఫీసులో తీగ, రేషన్ షాపు ముందు వరుస, కాలేజీ గోడ మీద కూర్చున్న కుర్రాళ్ల నోట్లో ఇంకేదో. ఇన్ని లైన్ల మధ్య మా ఊరివాళ్లెవరూ దారి తప్పగా నేను చూడలేదు. మాట అన్నదెవరు, ఎక్కడ నిలబడి అన్నారు, అంతే చూసుకుంటారు. అదే మనిషి చేతికి ఇంగ్లీషు కాగితం వస్తే మాత్రం ఆ తెలివంతా పక్కన పెట్టేసి, ఒక మాట మీద వేలు పెట్టి ‘మేడమ్, దీనికి అర్థం ఏంటి?’ అని అడుగుతాడు.

నాకు నాలుగో లైనులో చిన్న షాపు ఉంది. జిరాక్స్, డీటీపీ, దాంతోపాటు అనువాదం. 22 ఏళ్లుగా ఇదే పని. దస్తావేజులు, కోర్టు నోటీసులు, ఆసుపత్రి రిపోర్టులు, పాలసీ కాగితాలు, అమెరికాలో పిల్లలున్న పెద్దవాళ్ల వీసా ఫారాలు వస్తుంటాయి. నేను ఇంగ్లీషులో ఎమ్మే చేసిన మనిషిని కాదు. టైపు హయ్యర్ పాసయ్యాను, మిగతాదంతా తప్పులు చేసి, తిట్లు తిని నేర్చుకున్నాను. ఆ తిట్లు మీకు తప్పించడానికే ఇది రాస్తున్నాను.

ఒక్క మాట మీద వేలు పెట్టి అడిగితే నేను జవాబు చెప్పను. కాగితం మొత్తం ఇవ్వమంటాను. మా అమ్మమ్మ ఊళ్లో ఏడుగురు వెంకటేశ్వర్లు ఉండేవాళ్లు. బస్సు దిగి ‘వెంకటేశ్వర్లు ఇల్లెక్కడ?’ అంటే రచ్చబండ మీదివాళ్లు ‘ఇంటిపేరేంటి?’ అనేవాళ్లు. ఇంగ్లీషు మాట కూడా వెంకటేశ్వర్లే. పేరు ఒకటే, ఇళ్లు వేరు. డిక్షనరీ తెరిచే ముందే ఇంటిపేరు కనుక్కోవాలి.

ఛార్జ్ అన్న మాటే తీసుకోండి. నా దగ్గర ఒక పొడుగు నోటుబుక్ ఉంది, అందులో ఒక్కో మాటకు ఒక్కో పేజీ. ఛార్జ్ పేజీలో పదకొండు గీతలున్నాయి. కరెంటు బిల్లులో ఫిక్స్‌డ్ ఛార్జెస్ అంటే రుసుము. పోలీసు కాగితంలో ఛార్జ్ అంటే అభియోగం, ఛార్జ్‌షీట్‌లో ఉన్నది అదే. పేపర్లో లాఠీ ఛార్జ్ అంటే జనం మీద పడటం. కొత్త ఎమ్మార్వో ఛార్జ్ తీసుకున్నారంటే బాధ్యత. ఫోన్ ఛార్జ్ అవుతోందంటే అది బ్యాటరీ సంగతి. ఫిజిక్సులో అయితే విద్యుదావేశం, దాన్ని కూలుంబుల్లో కొలుస్తారు. (ఆవేశం అన్న తెలుగు మాట మాత్రం తక్కువ తిన్నదా? మా ఇంట్లో మా ఆయనకు వచ్చే ఆవేశాన్ని కొలిచే పరికరం ఇంకా రాలేదు.)

వీటన్నిటిలో జనం డబ్బు పోగొట్టుకునేది ఆస్తి కాగితాల్లోని ఛార్జ్ దగ్గర. ‘ఫ్రీ ఫ్రమ్ ఆల్ ఛార్జెస్’ అని ఉంటే చాలామంది ‘రుసుములేమీ లేవు, రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా వాళ్లే పెట్టుకుంటారు’ అనుకుంటారు. కానే కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో నూరో సెక్షను ఉంది. ఒకరి స్థిరాస్తి మరొకరికి రావలసిన డబ్బుకు హామీగా ఉండి, అది తాకట్టు కిందకు రాకపోతే, ఆ డబ్బు రావలసినవాళ్లకు ఆస్తి మీద ఛార్జ్ ఉన్నట్టు. తెలుగులో భారం అనొచ్చు. మనం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించుకునేది ఇలాంటి భారాలు రిజిస్టరు పుస్తకాల్లో ఏమైనా ఎక్కాయేమో చూడటానికే. కాబట్టి ఆ వాక్యానికి అర్థం, ఈ ఆస్తి మీద ఎవరి బాకీ భారమూ లేదని అమ్మేవాళ్లు చెబుతున్నారని.

ముందు కాగితాన్ని చూడండి

అందుకే మొదటి పని మాటను వదిలేసి కాగితాన్ని చూడటం. పైన ఏం రాసి ఉంది? స్టాంపు ఉందా, ఆసుపత్రి బొమ్మ ఉందా, బ్యాంకు ముద్ర ఉందా? రాసింది లాయరా, డాక్టరా, ఇంజనీరా? ఇంటిపేరులో సగం అక్కడే దొరుకుతుంది.

దస్తావేజుల్లో బాగా తెలిసినట్టే కనిపించే మాటలు చాలా ఉంటాయి. వాటితోనే ప్రమాదం. తెలియని మాట వస్తే డిక్షనరీ చూస్తాం, తెలుసనుకున్న మాటను ఎవరు చూస్తారు? డీడ్ అంటే మంచి పనో చెడ్డ పనో కాదు, దస్తావేజు. కన్సిడరేషన్ అంటే ఆలోచించి చూడటం కాదు, ప్రతిఫలం, అంటే ఇచ్చిపుచ్చుకునే సొమ్ములాంటిది. 1872 కాంట్రాక్టు చట్టంలో దీనికి నిర్వచనం కూడా ఉంది. ఎగ్జిక్యూట్ అంటే ఉరి తీయడం కాదు, దస్తావేజు రాసి సంతకం చేసి ఇవ్వడం. వెండార్ అంటే బండి మీద కూరగాయలు అమ్మే మనిషి కాదు, ఆస్తి అమ్మేవారు. 1881 చట్టం పేరులోని నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ వీణా వయొలినూ కాదు. మన చెక్కు, ప్రామిసరీ నోటు.

నా దగ్గర పనిచేసే కుర్రాడు తెలివైనవాడు, డిగ్రీ చదివాడు. మొదటి నెలలో ఒక పవరాఫ్ అటార్నీ ఇచ్చి తెలుగు చేయమన్నాను. అది ‘నో ఆల్ మెన్ బై దీజ్ ప్రెజెంట్స్’ అని మొదలవుతుంది. పాత లాయర్ల వాడుక అది. ఈ పత్రం ద్వారా అందరికీ తెలియజేయడం ఏమనగా, అని అర్థం. మావాడు ‘ఈ బహుమతుల వలన మగవారందరూ తెలుసుకొనునది’ అని రాశాడు. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి గానీ, నా మొదటి ఏడాది తప్పులు గుర్తొచ్చి వెంటనే నోరు మూసుకున్నాను.

పక్క మాట పట్టిస్తుంది

ఒక పెద్దాయన అన్నదమ్ముల మధ్య హక్కు విడుదల పత్రం తెచ్చారు. ‘రైట్, టైటిల్ అండ్ ఇంటరెస్ట్ ఇన్ ద ప్రాపర్టీ’ వదులుకుంటున్నట్టు అందులో ఉంది. ఎక్కడో ఎవరో దాన్ని తెలుగు చేసి ‘ఆస్తి మీద వడ్డీ’ అని రాసిచ్చారు. ‘మా అన్నదమ్ముల మధ్య అప్పే లేదమ్మా, వడ్డీ ఎక్కడి నుంచి వచ్చింది? వీళ్లేదో మెలిక పెట్టారు’ అని ఆయన సంతకం పెట్టకుండా నెల రోజులు ఆపేశారు. తమ్ముడితో మాటలు కూడా మానేశారు.

ఇంటరెస్ట్ పక్కన ఉన్న చిన్న మాట చూస్తే ఈ గొడవ ఉండేది కాదు. ‘ఇంటరెస్ట్ ఆన్’ అని ఉండి తర్వాత అప్పో డిపాజిట్టో వస్తే వడ్డీ. ‘ఇంటరెస్ట్ ఇన్’ అని ఉండి తర్వాత ఆస్తి వస్తే హక్కు లేదా వాటా, క్రికెట్టో సంగీతమో వస్తే ఆసక్తి. ‘ఇన్ ద ఇంటరెస్ట్ ఆఫ్’ అంటే ఫలానావారి మేలు కోసం. ఇన్, ఆన్, ఆఫ్ లాంటి ముక్కల్ని మనం బళ్లో ఖాళీలు పూరించడానికి నేర్చుకుని వదిలేశాం. అర్థాన్ని పట్టించే చిరునామాలు అవే.

అలాగే పక్కన ఏ మాట ఉందో కూడా చూడాలి. ‘అవుట్‌స్టాండింగ్’ వెనక స్టూడెంట్ అని ఉంటే మెచ్చుకోలు, ఎమౌంట్ అని ఉంటే చెల్లించని బాకీ. బ్యాంకు నుంచి ‘అవుట్‌స్టాండింగ్’ అన్న ఉత్తరం వస్తే మురిసిపోకండి. ‘శాంక్షన్’ ఇంకా తమాషా మాట. లోను శాంక్షన్ అయిందంటే మంజూరు. ఒక దేశం మీద శాంక్షన్స్ పెట్టారంటే ఆంక్షలు. ఒకే మాట ఒకచోట తలుపు తీస్తుంది, ఇంకోచోట వేస్తుంది. ‘ఓవర్‌సైట్’ కూడా ఇదే జాతి. ఓవర్‌సైట్ కమిటీ అంటే పర్యవేక్షణ సంఘం, ‘డ్యూ టు ఏన్ ఓవర్‌సైట్’ అంటే పొరపాటున. చూడటమూ అదే, చూడకపోవడమూ అదే! బ్రిటన్ సభలో ఒక ప్రతిపాదనను ‘టేబుల్’ చేశారంటే చర్చకు పెట్టారని, అమెరికాలో అదే మాటకు చర్చను పక్కన పెట్టారని అర్థం. కాగితం ఏ దేశానిదో కూడా ఇంటిపేరులో భాగమే. అమెరికా నుంచి కూతురు పంపిన అద్దె కాగితంలో ఫస్ట్ ఫ్లోర్ అని ఉంటే అది సాధారణంగా నేల మీది అంతస్తే, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు కంగారు పడక్కర్లేదు. ఆ దేశపు ఫారాల్లో ఏలియన్ అంటే ఆ దేశ పౌరులు కానివాళ్లు. ‘మమ్మల్ని గ్రహాంతరవాసులు అంటారేంటమ్మా’ అని రిటైరైన మాస్టారు ఒకాయన నిజంగానే నొచ్చుకున్నారు.

ఆసుపత్రి కాగితాలు

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే జరిగింది.

షాపు పెట్టిన కొత్తలో ఒకావిడ కడుపు స్కానింగ్ రిపోర్టు తెచ్చి, ఇందులో ఏముందో తెలుగులో రాసిమ్మన్నారు. లివరు, స్ప్లీను ఎదురుగా ‘అన్‌రిమార్కబుల్’ అని ఉంది. రిమార్క్ అంటే గుర్తించడం, అన్ అంటే లేకపోవడం అని ముక్కలు చేసి కూడి, ‘కాలేయం, ప్లీహం గుర్తించలేని స్థితిలో ఉన్నవి’ అని టైపు చేసిచ్చాను. ఆవిడ అది చదివి కుర్చీలో కూలబడిపోయారు. సాయంత్రం వాళ్లబ్బాయి డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చి నన్ను అడగాల్సినవన్నీ అడిగాడు. అన్‌రిమార్కబుల్ అంటే, చెప్పుకోవాల్సిన తేడా ఏదీ లేదు, మామూలుగానే ఉంది అని. రిపోర్టులో అంతకంటే మంచి మాట ఉండదు. ఆ రోజు నుంచి మాటను ముక్కలు చేసి కూడి అర్థం చెప్పడం మానేశాను. అది ఒక్కోసారి పనిచేస్తుంది, పనిచేయనప్పుడు కొంపలు ముంచుతుంది.

డాక్టర్ల ఇంట్లో మాటలు బయటి మాటల్లా ఉండవు. నెగటివ్ అంటే వెతికినది దొరకలేదని, కాబట్టి ఎక్కువసార్లు శుభవార్త. పాజిటివ్ అంటే వెతికినది దొరికిందని. అక్యూట్ అంటే తీవ్రం అనుకుంటారు అందరూ. అసలు సంగతి, అది హఠాత్తుగా మొదలైనదని, ఎక్కువకాలంగా ఉన్నది కాదని. క్రానిక్ అంటే చాలాకాలంగా ఉన్నదని. కంప్లెయింట్ అంటే ఎవరిమీదో ఫిర్యాదు కాదు, రోగి చెప్పిన బాధ. ‘డినైస్ ఆల్కహాల్’ అని ఉంటే మందు ఇస్తే వద్దన్నాడని కాదు, అలవాటు లేదని చెప్పాడని. హిస్టరీ అంటే గతంలో వచ్చిన జబ్బులు, చేసిన ఆపరేషన్లు. ఇంప్రెషన్ అంటే స్కానింగ్ చూసిన డాక్టరు చివరికి తేల్చినది, అందుకే రిపోర్టులో ముందు ఆ భాగం వెతకండి. డిశ్చార్జ్ సమ్మరీలో డిశ్చార్జ్ అంటే ఇంటికి పంపడం, గాయం దగ్గర డిశ్చార్జ్ అని రాస్తే చీమో రసో కారడం.

యూరిన్ కల్చర్ రిపోర్టు ఒకటుంటుంది. కల్చర్ అంటే సంస్కృతి కాదు, ల్యాబులో సూక్ష్మజీవుల్ని పెంచి చూడటం. అందులో యాంటీబయాటిక్ మందుల పేర్లు వరసగా రాసి, ఎదురుగా సెన్సిటివ్ అనో రెసిస్టెంట్ అనో ఇస్తారు. ‘నాకు ఈ మందు పడదని రాశారు చూడండి, సెన్సిటివ్ అని’ అంటూ ఒక బాబాయిగారు గట్టిగా వాదించారు. కాదండీ, సెన్సిటివ్ మీరు కాదు, ఆ క్రిమి. ఆ మందుకు అది లొంగుతుందని అర్థం. రెసిస్టెంట్ అంటే లొంగదని. ఆయన అనుకున్నదానికి ఇది పూర్తిగా తలకిందులు. మందులు వేసుకోవడం, మానడం మాత్రం నా షాపులో తేల్చే విషయం కాదు. నేను మాట అర్థం చెబుతాను, మిగతాది డాక్టరుగారిని అడగమంటాను.

కాగితంలోనే డిక్షనరీ ఉంటుంది

ఇది చాలామందికి తెలియదు. చట్టాల్లో, పాలసీల్లో, పెద్ద ఒప్పందాల్లో మొదట్లోనే నిర్వచనాల భాగం ఉంటుంది. మన చట్టాల్లో ఎక్కువసార్లు రెండో సెక్షనే అది. అక్కడ ఒక మాటకు అర్థం ఇచ్చారంటే, ఆ కాగితం వరకు బయటి డిక్షనరీ చెప్పేది చెల్లదు.

ఆరోగ్య బీమాలో హాస్పిటలైజేషన్ అన్న మాట చూడండి. మనకైతే ఆసుపత్రిలో చేరడం. పాలసీలో సాధారణంగా, ఆగకుండా కనీసం 24 గంటలు ఇన్‌పేషెంటుగా ఉండటం, కొన్ని పేరు పెట్టి చెప్పిన చికిత్సలకు మాత్రం మినహాయింపు. పొద్దున చేరి రాత్రికి ఇంటికి వచ్చినవాళ్లు ‘చేరాం కదా’ అంటారు, కంపెనీ ‘చేరలేదు’ అంటుంది. ఇద్దరూ ఒకే మాట అంటున్నారు, ఇళ్లు వేరు. యాక్సిడెంట్ నిర్వచనంలో బయటి నుంచి, కంటికి కనిపించేలా, ‘వయొలెంట్’ కారణంతో జరిగింది అని ఉంటుంది. అక్కడ వయొలెంట్ అంటే ఎవరో హింసించారని కాదు, బలంగా తగిలిన దెబ్బలాంటిదని. రైడర్ అంటే బండి నడిపే మనిషి కాదు, అసలు పాలసీకి తగిలించే అదనపు రక్షణ. సరెండర్ అంటే గడువుకు ముందే పాలసీ వదులుకోవడం.

నిర్వచనం చదివేటప్పుడు ఇంకో రెండు మాటలు చూడండి, మీన్స్, ఇంక్లూడ్స్. ‘మీన్స్’ అని ఉంటే మామూలుగా అక్కడ చెప్పిందే అర్థం, దాంతో గీత గీసేసినట్టు. ‘ఇంక్లూడ్స్’ అని ఉంటే మామూలు అర్థం ఉంటుంది, దానికి తోడు ఇవి కూడా అని. 1897 జనరల్ క్లాజెస్ చట్టంలో పర్సన్ అంటే కంపెనీ కూడా ‘ఇంక్లూడ్’ అవుతుంది. మనిషంటే కంపెనీ కూడా అని! అదే చట్టంలో, సందర్భం అడ్డురాకపోతే, పుంలింగంలో రాసిన మాటలు స్త్రీలకూ వర్తిస్తాయి. కాబట్టి కేంద్ర చట్టంలో ‘హి’ అని ఉంది కదా, ఇది మగవాళ్లకే అనుకోకండి. నెల అంటే బ్రిటిష్ క్యాలెండర్ ప్రకారం లెక్కించే నెల అనీ అందులోనే ఉంది. నోటీసు గడువును ముప్పైతో గుణించి లెక్కేసే ముందు అది గుర్తుండాలి.

ఇంకో గుర్తు. ఒప్పందం మధ్యలో ఒక మామూలు మాట పెద్దక్షరంతో మొదలైతే, ఆ మాటకు ముందెక్కడో నిర్వచనం ఉందని అనుమానించండి. వెనక్కి తిరగేసి వెతకండి. ఇంగ్లీషు పెద్ద చిన్న అక్షరాల్ని అప్పర్ కేస్, లోయర్ కేస్ అంటారు కదా, అది ప్రెస్సు మాట. సీసపు అక్షరాలు పేర్చే రోజుల్లో పెద్దవి పై అరలపెట్టెలో, చిన్నవి కింది పెట్టెలో ఉండేవి. మా నాన్న తెనాలిలో కంపోజిటరు. ఆయనకు కేస్ అంటే అరల పెట్టె, మా పక్క షాపు లాయరుగారికి దావా, ఎదురు షాపు కుర్రాడికి ఫోన్ తొడుగు.

చదువుకునే పిల్లలకు

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియంలో చేరిన పిల్లలు నోట్సు జిరాక్సుకు వస్తుంటారు. వాళ్లకు నేను చెప్పే చిట్కా ఒకటే. ఆ మాటకు కొలమానం ఉందా చూడండి. ఉంటే అది వీధిలో మాట కాదు, సైన్సు ఇంట్లో మాట. స్ట్రెస్ అంటే టెన్షన్ కాదు, ప్రతిబలం, పాస్కల్‌లలో కొలుస్తారు. వర్క్‌ను జౌళ్లలో కొలుస్తారు. కదలని గోడను సాయంత్రం దాకా నెట్టినా, ఫిజిక్సు లెక్కలో గోడ మీద చేసిన పని సున్నా. మేస్త్రీకి ఈ మాట చెబితే కొడతాడు. పవర్‌ను వాట్లలో కొలిస్తే సామర్థ్యం. లెక్కల్లో పవర్ అయితే ఘాతం, కళ్లజోళ్ల షాపులో డయాప్టర్లలో చెప్పే పవర్ వేరు, అసెంబ్లీలో అధికారం.

సొల్యూషన్‌కు కెమిస్ట్రీలో ద్రావణం, సమీకరణానికి సాధన, ఇంట్లో గొడవకు పరిష్కారం. బేస్‌కు కెమిస్ట్రీలో క్షారం, త్రిభుజంలో భూమి, సైన్యంలో స్థావరం. తెలుగు మాట ముందే తెలిసి ఉండటం ఇక్కడ లాభమే. ఇంగ్లీషు ఒకే చొక్కా వేసినచోట తెలుగు మూడు వేసింది కాబట్టి, తెలుగు పుస్తకం పక్కన పెట్టుకుంటే ఏ బేసో ఇట్టే తేలిపోతుంది. అన్నిసార్లూ కాదు. సెల్‌కు జీవశాస్త్రంలో కణం, ఫిజిక్సులో పార్టికిల్‌కూ కణమే. బ్యాటరీ సెల్‌కు మాత్రం ఘటం అన్నారు. ఆ ఘటం మాట మా వీధిలో వాడితే కుండ అనుకుంటారు, లేదంటే కచేరీ అనుకుంటారు.

కంప్యూటరు వాళ్లు కొత్త మాటలు పుట్టించడానికి బద్ధకించి ఇంట్లో ఉన్నవాటినే వాడుకున్నారు. ఎలుక, కిటికీ, మేఘం, పురుగు, అన్నీ మనకు తెలిసినవే. బగ్ గురించి ఒక కథ తిరుగుతుంది. 1947లో హార్వర్డ్ మార్క్ టూ యంత్రంలో నిజంగానే ఒక రెక్కల పురుగు ఇరుక్కుంటే, దాన్ని తీసి లాగ్ పుస్తకంలో అంటించారు. అది నిజమే. కానీ ఆ మాట అక్కడ పుట్టలేదు, యంత్రాల్లో లోపానికి బగ్ అన్న వాడుక 1878లో ఎడిసన్ ఉత్తరంలోనే ఉంది. మాట పుట్టుక తెలిస్తే సరదాగా ఉంటుంది, గుర్తుంటుంది కూడా. అర్థానికి మాత్రం దాన్ని సాక్ష్యంగా పట్టుకోకండి.

పలకడం కూడా ఇంటిపేరు చెబుతుంది. ‘మినిట్’ అంటే నిమిషం, అవే అక్షరాల్ని ‘మైన్యూట్’ అంటే అతి చిన్న. మీటింగ్ మినిట్స్ అంటే నిమిషాలు కాదు, సమావేశంలో ఏం జరిగిందో రాసుకున్న కాగితం. ‘లీడ్’ అంటే నడిపించడం, ‘లెడ్’ అంటే సీసం. ‘వూండ్’ అయితే గాయం, ‘వౌండ్’ అయితే చుట్టారని.

డిక్షనరీ తెరిచాక

ఇప్పుడు తెరవండి. మొదటి అర్థం చదివి మూసేయడం అందరూ చేసే తప్పు. కొన్ని డిక్షనరీలు ఎక్కువ వాడుకలో ఉన్న అర్థం ముందు ఇస్తాయి, నేర్చుకునేవాళ్ల కోసం చేసినవి సాధారణంగా అలా ఉంటాయి. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు, మెరియమ్ వెబ్‌స్టర్ లాంటివి చరిత్రలో ముందు పుట్టిన అర్థం ముందు ఇస్తాయి. అక్కడ ఒకటో నంబరు ఇవాళ ఎవరూ వాడనిది కూడా కావచ్చు. రన్ అన్న చిన్న క్రియకే ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 600కు పైగా అర్థాలు లెక్కపెట్టారు. అన్నీ చదవమనను. అర్థం ముందు వాలు అక్షరాల్లో లా, మెడిసిన్, ఫిజిక్స్ అని చీటీ ఉంటుంది, మీ కాగితం ఇంటిపేరుతో కలిసేదాని దగ్గర ఆగండి. అక్కడిచ్చిన ఉదాహరణ వాక్యం మీ వాక్యానికి చుట్టంలా ఉందా చూడండి. నేను నంబర్ల కంటే ఉదాహరణల్నే నమ్ముతాను.

తెలుగు అర్థం కోసం ఆంధ్రభారతి సైటులో చాలా నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు, ఆ పని చేసినవాళ్లకు దండం పెట్టాలి. కాకపోతే అర్థం ఏ పుస్తకం నుంచి వచ్చిందో చూసుకోండి. బ్రౌన్ దొర నిఘంటువులు 1850ల నాటివి. పాత దస్తావేజు మాటలకు బంగారం, ఫోన్ ఛార్జింగ్‌కు పనికిరావు.

ఫోన్‌లో అనువాదం చేసే యాప్‌ను నేనూ వాడతాను, దాచుకోవడమెందుకు. ఒక్క మాట ఇస్తే అది రచ్చబండ మీద నిద్రపోతున్న మనిషిలా ఎవరో ఒక వెంకటేశ్వర్లును చూపిస్తుంది. వాక్యం మొత్తం ఇవ్వండి, కుదిరితే ముందు వెనక వాక్యాలు కూడా. వచ్చిన తెలుగును మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పి చూడండి. వడ్డీగా మారిన ఇంటరెస్ట్ తిరుగు ప్రయాణంలో చాలాసార్లు దొరికిపోతుంది. వస్తువు పేరైతే బొమ్మలు వెతకడమే మేలు. వాషర్ అని కొడితే బట్టలుతికే యంత్రమూ వస్తుంది, బోల్టు కింద వేసే బిళ్లా వస్తుంది, మీ కాగితం ట్రాక్టరు బిల్లు అయితే ఏదో మీకే తెలుస్తుంది. ఆ బిళ్లకు తెలుగు మాట కోసం గంటలు పోగొట్టకండి. మెకానిక్కు దాన్ని వాషరే అంటాడు, మీరూ వాషర్ అనే రాయండి.

ఆఖరి పరీక్ష నోటితో చేయాలి. దొరికిన అర్థాన్ని వాక్యంలో పెట్టి, మొత్తం తెలుగులో పైకి చదవండి. ‘గుర్తించలేని స్థితిలో ఉన్న కాలేయం’ అని ఆ రోజు నేను ఒక్కసారి పైకి చదివి ఉంటే, అదేం మాట అని నాకే అనుమానం వచ్చేది. చదివింది మన మనిషి మాట్లాడినట్టు లేకపోతే అర్థం తప్పు, లేదా సగం ఒప్పు. మళ్లీ మొదటికి రండి.

దొరికినదాన్ని రాసి పెట్టుకోండి, ఏ కాగితంలో ఎదురైందో దానితో సహా. ఉత్త అర్థం వారానికే మర్చిపోతాం. ‘మాస్టారు నొచ్చుకున్న ఏలియన్’ మర్చిపోం.

పోయిన వారం మూడో లైను నుంచి ఒక పెద్దాయన వచ్చారు. వాళ్లమ్మాయి చాలా ఏళ్లుగా లండన్‌లో నర్సు. ఉద్యోగంలో ఏదో మారిందని కాగితం ఫొటో తీసి పంపింది. ‘ఛార్జ్ నర్స్’ అని ఉంది. ‘బిల్లులు వసూలు చేసే పనిలో వేశారా అమ్మా? అంత చదివించింది దీనికా?’ అన్నారు, గొంతు బొంగురుపోయింది. కాదు బాబాయిగారూ, వార్డు బాధ్యత చూసే నర్సు, మన కొత్త ఎమ్మార్వో తీసుకున్న ఛార్జ్ లాంటిది, ఇది ప్రమోషన్ అని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. నోటుబుక్ తీసి ఛార్జ్ పేజీలో పన్నెండో గీత గీశాను. అప్పుడాయన కాగితం కింద ఇంకోచోట వేలు పెట్టారు. ‘మరి ఈ బ్యాండ్ 6 ఏంటి? అక్కడ కూడా మేళం ఉంటుందా?’

అది వాళ్ల జీతాల మెట్టు. కొత్త పేజీ తీసి, పైన బ్యాండ్ అని రాశాను.